ప్రాజెక్ట్ రూమ్‌కీ: కరోనా టైములో రోడ్డు మీద ఉన్నవాళ్లకి హోటల్ గదులు – తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియాలో మనవాళ్ల మధ్య ఇల్లులేనివాళ్ల గురించి మాట వస్తే చాలు, "కరోనాలో వాళ్లకి ఫ్రీగా హోటళ్లు ఇచ్చారుగా, ఏమైంది మరి?" అని ఎవరో ఒకరు అంటారు. ఆ ప్రశ్నలో కొంత కుతూహలం, కొంత విసుగు ఉంటాయి. రెండిటికీ సరిపడా జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువ భాగం కాలిఫోర్నియా గురించే, అవసరమైన చోట సియాటిల్, ఇంగ్లండ్, హైదరాబాద్, విజయవాడ కూడా వస్తాయి. మధ్యలో నా అభిప్రాయాలూ దూరతాయి, నచ్చకపోతే దాటేసి వెళ్లండి.

అసలు ఈ ప్రాజెక్ట్ రూమ్‌కీ అంటే ఏంటి?

కరోనా వల్ల ఖాళీ అయిపోయిన హోటళ్లు, మోటెళ్లలో గదులు అద్దెకి తీసుకుని, ఇల్లు లేనివాళ్లని కొంతకాలం అందులో ఉంచిన పథకం. 2020 ఏప్రిల్ 3న గవర్నర్ గావిన్ న్యూసమ్ ప్రకటించారు. మొదటి లక్ష్యం రాష్ట్రం మొత్తానికి 15,000 గదులు. డబ్బు, అనుమతులు రాష్ట్రం, కేంద్రం చూసుకుంటే, హోటల్‌తో ఒప్పందం కుదుర్చుకోవడం, మనుషుల్ని తీసుకురావడం, అన్నం పెట్టడం, గార్డుల్ని పెట్టడం అంతా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పని. అందుకే ఒక కౌంటీలో బాగా నడిచింది, పక్క కౌంటీలో నత్తనడక నడిచింది. "రూమ్‌కీ బాగుందా, బాలేదా" అని ఎవరైనా అడిగితే ముందు ఏ కౌంటీలో అని అడగాలి.

షెల్టర్లు ఉన్నాయి కదా, హోటళ్లే ఎందుకు?

అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

2020 జనవరి లెక్క ప్రకారం కాలిఫోర్నియాలో ఇల్లు లేనివాళ్లు 1,61,548 మంది. వాళ్లలో దాదాపు 70 శాతం మంది షెల్టర్లలో కూడా లేరు, టెంట్లలో, కార్లలో, బ్రిడ్జిల కింద ఉన్నారు. మార్చి 19న రాష్ట్రమంతా ఇళ్లలోనే ఉండమని ఆర్డర్ వచ్చింది. ఇల్లే లేనివాడు ఎక్కడ ఉండాలి? మామూలుగా అయితే షెల్టర్‌కి పంపుతారు. కానీ షెల్టర్ అంటే ఒక పెద్ద హాలు, వరసగా మంచాలు, వందమందికి నాలుగైదు బాత్రూములు, అందరూ ఒకే చోట తినడం. గాలి ద్వారా అంటుకునే జబ్బుకి అంతకన్నా అనుకూలమైన చోటు ఉండదు.

ఇది ఊహ కాదు. బోస్టన్‌లో ఒక పెద్ద షెల్టర్‌లో ఆ ఏప్రిల్ మొదట్లో లక్షణాలతో సంబంధం లేకుండా 408 మందికీ పరీక్ష చేస్తే 147 మందికి పాజిటివ్ వచ్చింది, అంటే నూటికి 36 మంది. వాళ్లలో ఎక్కువమందికి దగ్గు లేదు, జ్వరం లేదు. అంటే గేటు దగ్గర నుదుటి మీద థర్మామీటర్ పెట్టి లోపలికి పంపే పద్ధతి దేనికీ పనికిరాదని తేలిపోయింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంకా ఘోరం. అక్కడి అతిపెద్ద షెల్టర్ ఎం.ఎస్.సి. సౌత్‌లో 70 మందికి సోకిందని ఏప్రిల్ 10న సిటీ చెప్పింది, తర్వాత ఆ సంఖ్య 90 దాటింది. అదే నెలలో కేంద్ర ఆరోగ్య సంస్థ సి.డి.సి. నివేదికలో శాన్ ఫ్రాన్సిస్కో షెల్టర్‌లో పరీక్ష చేసినవాళ్లలో 66 శాతం మందికి పాజిటివ్ అని ఉంది.

ఒక మనిషికి ఒక గది, దానికి ఒక తలుపు, సొంత బాత్రూమ్. ఆ రోజుల్లో మందు లేదు, టీకా లేదు, ఉన్న చికిత్స అదొక్కటే. ఆ మూడూ రెడీగా, వేలకొద్దీ, ఖాళీగా ఉన్న చోటు హోటల్.

టెంటులో ఒక్కడే ఉంటే అది కూడా ఐసోలేషనే కదా?

కొంతవరకు నిజమే. బయట గాలిలో ఉండేవాళ్లకి షెల్టర్‌లో ఉన్నవాళ్లంత వేగంగా అంటుకోలేదు. సి.డి.సి. కూడా 2020 మార్చిలోనే, విడి గదులు ఇవ్వలేకపోతే టెంట్లని పీకేయకండి, పీకేస్తే జనం ఊరంతా చెదిరిపోయి జబ్బు ఇంకా పాకుతుంది అని సలహా ఇచ్చింది. కానీ టెంటుకి కుళాయి ఉండదు. లైబ్రరీలు, కాఫీ షాపులు, మాల్స్ మూసేసరికి ఉన్న బాత్రూములు కూడా పోయాయి. చేతులు ఇరవై సెకన్లు కడుక్కోమని టీవీలో చెప్తున్నప్పుడు వీళ్లకి మొహం కడుక్కోవడానికి నీళ్లు లేవు. పైగా జబ్బు ముదిరి ఊపిరి ఆడకపోతే చూసేవాళ్లెవరు?

శాన్ ఫ్రాన్సిస్కో టెండర్‌లాయిన్ ప్రాంతంలో 2020 జనవరికీ మే నెలకీ మధ్య టెంట్లు 285 శాతం పెరిగాయి. షెల్టర్లు కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేస్తే జనం ఫుట్‌పాత్ మీదకే వస్తారు, వేరే దారి ఏముంది.

ఎవరికి దొరికింది? వెళ్లి అడిగితే ఇచ్చేశారా?

లేదు. చాలామందికి ఉన్న అపోహ ఇదే. రిసెప్షన్‌కి వెళ్లి అడిగితే గది ఇవ్వరు. ఆసుపత్రి, షెల్టర్, వీధుల్లో తిరిగే అవుట్‌రీచ్ టీమ్, వీళ్లలో ఎవరో ఒకరు పేరు పంపాలి. కేంద్ర విపత్తు సంస్థ ఫెమా డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నది మూడు రకాలవాళ్లకి:

- పాజిటివ్ వచ్చి, ఆసుపత్రిలో చేరాల్సినంత అవసరం లేనివాళ్లు
- పాజిటివ్ వచ్చినవాళ్ల దగ్గర మసిలినవాళ్లు
- కరోనా లక్షణాలు లేకపోయినా 65 దాటినవాళ్లు, షుగరు, గుండె, ఊపిరితిత్తుల సమస్యలు ఉన్నవాళ్లు

మొదటి రెండు రకాలకీ ఇచ్చింది ఐసోలేషన్, క్వారంటైన్ గదులు, కొద్ది రోజుల కోసం. మూడో రకానికి ఇచ్చింది ముందుజాగ్రత్త గది, నెలల తరబడి. రూమ్‌కీ గదుల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకమే. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడు ఫుట్‌పాత్ మీద ఉంటే, ఈ లెక్కలో అతనికి గది లేదు. న్యాయమా అంటే నాకు తెలిసి కాదు, కానీ గదులు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్నప్పుడు ముందు చచ్చిపోయే అవకాశం ఉన్నవాళ్లని లోపలికి తీసుకోవడం డాక్టర్లు చేసే పనే.

లోపల ఏమేం ఇచ్చారు?

గది, పరుపు, టీవీ, షవర్, మూడు పూటల తిండి. కొన్ని హోటళ్లకి భోజనం షెఫ్ హోసే ఆంద్రేస్ పెట్టిన వరల్డ్ సెంట్రల్ కిచెన్ నుంచి వచ్చింది. బట్టలు ఉతకడం, గది శుభ్రం చేయడం, గేటు దగ్గర సెక్యూరిటీ. చాలాచోట్ల నర్సు వచ్చి జ్వరం చూసేది, రోజువారీ మందులు ఇప్పించేది.

తిండి గురించి ఫిర్యాదులు బాగానే వచ్చాయి, రోజూ అదే చల్లటి శాండ్‌విచ్ అని. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ షుగరు ఉన్న అరవై ఏళ్ల మనిషికి మూడు పూటలా బ్రెడ్డు పెడితే ఏమవుతుందో మనిళ్లలో అందరికీ తెలుసు.

పెళ్లాం, మొగుడు, కుక్క?

ఇంట్లోవాళ్లనీ పెంపుడు జంతువులనీ చాలా చోట్ల రానిచ్చారు. ఇది చాలా పెద్ద విషయం. మామూలు షెల్టర్లలో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, కుక్కకి ప్రవేశం లేదు. పదేళ్లుగా కలిసి ఉన్న జంట విడిపోయి, తోడున్న కుక్కని రోడ్డు మీద వదిలేసి రావాలంటే ఎవరొస్తారు? "షెల్టర్ ఇస్తామన్నా రారు, వాళ్లకి బయటే ఇష్టం" అనే మాట వెనక సగం కథ ఇదే. సామాను మీద మాత్రం కోత పెట్టారు, కొన్ని చోట్ల రెండు బ్యాగులకి మించి తేకూడదన్నారు. మీ బతుకంతా రెండు బ్యాగుల్లో సర్దమంటే ఎలా ఉంటుందో, వీసా మీద సామాను సర్దుకుని వచ్చిన మనకి కొద్దిగా తెలుసు. కాకపోతే మనకి వెనక ఇల్లు ఉంది.

తాళం వేసి పెట్టారా? బయటికి రానిచ్చారా?

తాళం వెయ్యలేదు. పాజిటివ్ వచ్చినవాళ్లని గదిలోనే ఉండమన్నారు. ముందుజాగ్రత్త గదుల్లో ఉన్నవాళ్లు పగలు బయటికి వెళ్లొచ్చు, కానీ లాస్ ఏంజెలెస్‌లో చాలా హోటళ్లలో రాత్రి 7 నుంచి ఉదయం 7 వరకు కర్ఫ్యూ. బయటివాళ్లు ఎవరూ లోపలికి రాకూడదు. ఒకళ్ల గదిలోకి ఒకళ్లు వెళ్లకూడదు. వచ్చీపోయే ప్రతిసారీ బ్యాగు తనిఖీ. "హోటల్ కాదు, జైలు" అని లోపల ఉన్నవాళ్లలో కొందరు నేరుగానే అన్నారు, కొందరు వదిలేసి వెళ్లిపోయారు కూడా.

సియాటిల్ దగ్గర కింగ్ కౌంటీ 2020 మార్చిలోనే కెంట్ అనే ఊళ్లో 85 గదుల మోటెల్‌ని 40 లక్షల డాలర్లు పెట్టి కొనేసింది. కొన్న కొద్దిరోజులకే, పరీక్ష ఫలితం ఇంకా రాని ఒకతను గార్డు వద్దంటున్నా బయటికి నడిచి, ఎదురుగా ఉన్న షాపులో ఏదో దొంగిలించి, బస్సెక్కి వెళ్లిపోయాడు. ఊరంతా గగ్గోలు. ఆ ఒక్క సంఘటనని చూపించి "వీళ్లెవరూ ఉండరు" అన్నారు.

కానీ లెక్క వేరేలా ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఐసోలేషన్ హోటల్‌కి 2020 మార్చి 19 నుంచి మే 31 వరకు వచ్చిన 1,009 మంది మీద డాక్టర్లు చేసిన అధ్యయనంలో 81 శాతం మంది చెప్పినన్ని రోజులూ ఉన్నారు. వాళ్లలో సగం మంది ఇల్లు లేనివాళ్లు. మిగతా సగం ఎవరనుకుంటున్నారు? ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఐదారుగురు సర్దుకుని ఉండేవాళ్లు, విడిగా ఉండటానికి చోటు లేనివాళ్లు. తిండి పెట్టి, మందులిచ్చి, రోజూ ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగితే జనం ఉంటారు. గార్డుని పెట్టినందుకు ఉండరు.

మందు, సిగరెట్లు కూడా ఇచ్చారట, నిజమేనా?

శాన్ ఫ్రాన్సిస్కోలో నిజం. 2020 మే నెలలో ఈ సంగతి బయటికొచ్చి పెద్ద దుమారమే రేగింది. పన్నుల డబ్బుతో తాగిస్తున్నారని అరిచారు, అది విరాళాల డబ్బు అని సిటీ ఆరోగ్య శాఖ చెప్పింది.

ఎందుకిచ్చారంటే, రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. మన ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే ఎవరినైనా అడగండి. మందు కోసం బయటికి వెళ్తే ఆ పాజిటివ్ మనిషి బస్సెక్కి షాపుకి వెళ్తాడు. ఏది నయం? నా వరకు ఇందులో గొడవపడాల్సింది ఏమీ లేదు. హెరాయిన్ లాంటివాటికి అలవాటుపడ్డవాళ్లకి, ఆ అలవాటుకి చికిత్సగా ఇచ్చే మెథడోన్ కూడా గదికే అందించారు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆ ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో డ్రగ్స్ ఓవర్‌డోస్‌తో దాదాపు 700 మంది చనిపోయారు, కరోనాతో పోయినవాళ్లకన్నా చాలా ఎక్కువ. అందులో హోటల్ గదుల్లో పోయినవాళ్లూ ఉన్నారు. ఫెంటనిల్ అనే చాలా ప్రమాదకరమైన మత్తుమందు తిరుగుతున్న కాలంలో తలుపు వేసుకుని ఒంటరిగా తీసుకుంటే కాపాడటానికి పక్కన ఎవరూ ఉండరు. వైరస్‌కి మందైన ఒంటరి గదే దీనికి శత్రువైంది. ఓవర్‌డోస్‌ని విరిచే నలోక్సోన్ మందు పంచడం, గది తలుపులు తట్టి పలకరించడం వంటివి చేశారు, అయినా అన్ని చావులూ ఆగలేదు.

డబ్బు ఎవరిది? మన పన్నులేనా?

మనవే, ఎక్కువగా కేంద్ర పన్నులు. ముందుగా 2020 మార్చి 18న రాష్ట్రం 15 కోట్ల డాలర్లు కేటాయించింది, అందులో 5 కోట్లు ట్రెయిలర్లు కొనడానికి, గదులు తీసుకోవడానికి. తర్వాత ఖర్చులో 75 శాతం ఫెమా ఇస్తానంది. ఇల్లు లేనివాళ్ల హోటల్ గదులకి ఇలా అనుమతి తెచ్చుకున్న మొదటి రాష్ట్రం కాలిఫోర్నియానే. 2021 జనవరిలో బైడెన్ వచ్చాక దాన్ని 100 శాతం చేశారు.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా, మెలిక ఎక్కడంటే ఫెమా ముందు డబ్బు ఇవ్వదు. కౌంటీ ముందు ఖర్చు పెట్టాలి, బిల్లులు పంపాలి, వాళ్లు చూసి ఎప్పుడో తిరిగి ఇస్తారు. గది అద్దె, తిండి, సెక్యూరిటీ, క్లీనింగ్ అయితే ఇస్తారు. ఇల్లు వెతికిపెట్టే కేస్ మేనేజర్ జీతం, మానసిక చికిత్స అయితే ఇవ్వరు. అదీ కాక చాలాకాలం అనుమతి నెలనెలా పొడిగిస్తూ పోయారు. వచ్చే నెల ఉంటుందో లేదో తెలియని పథకానికి ఏ హోటల్ ఓనరు ఏడాది ఒప్పందం రాస్తాడు, ఏ చిన్న ఊరు ధైర్యంగా ఖర్చు పెడుతుంది? 2023 అక్టోబరులో ఫెమా, 2021 జూన్ 11 తర్వాత ఒక్కొక్కరికి 20 రోజులకి మించి ఇవ్వలేనని లేఖ రాసినప్పుడు ఎప్పుడో ఖర్చు పెట్టేసిన సిటీలకి ఎంత టెన్షన్ పట్టుకుందో ఊహించుకోండి.

మోటెల్ ఓనర్లు బాగుపడ్డారా?

2020 ఏప్రిల్‌లో అమెరికా హోటళ్లలో నాలుగో వంతు గదులు కూడా నిండలేదు. మోటెళ్లలో చాలా భాగం మన గుజరాతీ కుటుంబాలవే అని తెలిసిందే. ఆఫీసు వెనక గదుల్లోనే కాపురం ఉంటూ నడుపుకునేవాళ్లకి కిస్తీ కట్టాలంటే ఏదో ఒకటి దొరకాలి. మొత్తం బిల్డింగు ఒకేసారి అద్దెకి, అదీ ప్రభుత్వ చెక్కుతో, అంటే చాలామందికి ఊపిరి పోసినట్టే. పెద్ద బ్రాండ్లలో మోటెల్ 6తో రాష్ట్రం ఏప్రిల్ 18న ఒప్పందం కుదుర్చుకుంది, 19 కౌంటీల్లో 47 చోట్ల 5,025 గదుల వరకు.

అందరికీ సుఖంగా ముగియలేదు. లాస్ ఏంజెలెస్‌లో మేఫెయిర్ హోటల్‌లో పగిలినవి, పాడైనవి లెక్కేసి ఓనరు కోటి డాలర్లకి పైగా నష్టపరిహారం తీసుకున్నాడు. తర్వాత 2023లో సిటీ కోట్ల డాలర్లు పెట్టి అదే హోటల్‌ని కొనేసింది. అద్దె, రిపేరు, చివరికి కొనుగోలు, మూడుసార్లు కట్టినట్టు.

ఒప్పుకోని ఓనర్లు కూడా చాలామంది. బ్రాండ్ పేరు పోతుందని, ఇన్సూరెన్స్ ఒప్పుకోదని, తర్వాత ఖాళీ చెయ్యరేమోనని. బలవంతంగా తీసుకునే అధికారం గవర్నర్‌కి మార్చి 12 ఆర్డర్‌తోనే ఉంది. తీసుకోమని లాస్ ఏంజెలెస్‌లో ఉద్యమాలు జరిగాయి. ఆ అధికారం ఎక్కడా వాడలేదు.

ముప్పై రోజులు దాటితే అద్దెదారు హక్కులు వచ్చేస్తాయి కదా?

కాలిఫోర్నియా చట్టంలో మామూలుగా అంతే. హోటల్‌లో 30 రోజులకి మించి ఉంటే టెనెంట్ హక్కులు వస్తాయి, అవి రాకుండా 28వ రోజున ఖాళీ చేయించి మళ్లీ రానిచ్చే ట్రిక్కు కూడా చట్టవిరుద్ధం. రూమ్‌కీలో ఉన్నవాళ్లని మాత్రం అద్దెదార్లుగా కాకుండా 'కార్యక్రమంలో పాల్గొనేవాళ్లు'గా చూశారు. ఓనర్ల భయం పోగొట్టడానికి ఇది అవసరమే. లోపల ఉన్నవాళ్ల వైపు నుంచి చూస్తే, రేపు పొమ్మంటే పోవాల్సిందే.

చుట్టుపక్కలవాళ్లు ఒప్పుకున్నారా?

కొన్ని ఊళ్లు కోర్టుకెక్కాయి. ఆరెంజ్ కౌంటీలో లగూనా హిల్స్ ఊరు ఒక చిన్న హోటల్ వాడకుండా ఆపమని దావా వేస్తే జడ్జి ఆపలేదు. ఊళ్ల మీద గవర్నర్ బహిరంగంగానే మండిపడ్డారు. సియాటిల్ పక్కన రెంటన్‌లో రెడ్ లయన్ హోటల్‌లో రెండువందల పైచిలుకు మందిని ఉంచితే, చుట్టూ ఉన్న షాపులవాళ్లు దొంగతనాలు పెరిగాయని ఫిర్యాదు చేశారు, ఆ డిసెంబరులో ఊరి కౌన్సిల్ ఇలాంటివాటి మీద పరిమితులు పెడుతూ చట్టమే చేసింది. ఇరుగుపొరుగు భయాలన్నీ ద్వేషం అని నేననను. రాత్రికి రాత్రి, ఒక్క మాట చెప్పకుండా రెండొందల మందిని దింపితే ఏ కాలనీ అయినా ఉలిక్కిపడుతుంది. ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యండి, రాత్రి కూడా ఒకళ్లు ఎత్తుతారు అని ముందే చెప్పి ఉంటే కోపం సగానికి తగ్గేది.

లాస్ ఏంజెలెస్‌లో 15,000 గదులన్నారు, ఎందుకు రాలేదు?

లాస్ ఏంజెలెస్ కౌంటీలో 2020లో 66,436 మంది ఇల్లులేనివాళ్లు. అక్కడొక్కచోటే 15,000 గదులు లక్ష్యం పెట్టుకున్నారు. బాగా నడిచిన రోజుల్లో కూడా 4,000 చిల్లర దగ్గరే ఆగిపోయింది. శాన్ ఫ్రాన్సిస్కోలో సిటీ కౌన్సిల్ లాంటి బోర్డు ఏప్రిల్‌లో 8,250 గదులు తీసుకోవాలని ఏకగ్రీవంగా చట్టం చేస్తే మేయర్ లండన్ బ్రీడ్ సంతకం పెట్టలేదు, సిటీ ఆ సంఖ్య దరిదాపులకి కూడా రాలేదు.

గదుల కొరత వల్ల ఆగిందనుకుంటారు. గదులు ఊరంతా ఖాళీగానే ఉన్నాయి. కొరత మనుషులకి. ఒక హోటల్ నడపాలంటే నర్సులు కావాలి, రాత్రి షిఫ్టు స్టాఫ్ కావాలి, కేస్ మేనేజర్లు కావాలి, వాళ్లందరికీ అప్పుడు కరోనా భయం, పైగా దేశమంతా నర్సుల కోసం కొట్టుకుంటున్న కాలం. ఒక్కో హోటల్‌తో విడివిడిగా బేరం, విడివిడిగా లాయర్లు. డబ్బు తిరిగొస్తుందో రాదో అన్న భయంతో చేతులు ముడుచుకున్న అధికారులు. గది తీసుకోవడం ఒక సంతకం పని, నడపడం వంద మంది పని.

అయినా పనిచేసిందా, లేదా?

జబ్బు ఆపడంలో పనిచేసింది. ఇంగ్లండ్‌ని చూడండి. అక్కడ 2020 మార్చి 26న 'ఎవ్రీవన్ ఇన్' పేరుతో, అందరినీ లోపలికి తీసుకురండి అని ప్రభుత్వం అన్ని ఊళ్లకీ చెప్పింది. 65 ఏళ్ల షరతు పెట్టలేదు. ఏప్రిల్ మధ్యకల్లా రోడ్డు మీద ఉన్నట్టు తెలిసినవాళ్లలో 90 శాతం మందికి, అంటే 5,400 మందికి చోటు చూపించారు. లండన్‌లో అయితే జబ్బు పడ్డవాళ్లకి ఒక రకం హోటల్, పడితే ప్రమాదం ఉన్నవాళ్లకి ఇంకో రకం అని విడదీశారు. మొదటి వేవ్‌లో ఈ జాగ్రత్తల వల్ల 21,092 మందికి సోకకుండా, 266 మంది చనిపోకుండా ఆగి ఉంటుందని ఒక వైద్య పత్రికలో అంచనా వచ్చింది. అంచనాయే, మోడల్ లెక్క. కానీ 2020లో ఇంగ్లండ్, వేల్స్‌లో ఇల్లులేనివాళ్లలో కరోనాతో చనిపోయినవాళ్లు 13 మందేనని అక్కడి గణాంక శాఖ చెప్పినప్పుడు ఆ అంచనా గాలిలోంచి వచ్చింది కాదనిపిస్తుంది.

ఇంకో ఫలితం ఎవరూ అనుకోనిది. సియాటిల్ వైపు షెల్టర్ హాళ్ల నుంచి హోటల్ గదులకి మార్చిన ఏడొందల మందికి పైగా జనాన్ని యూనివర్సిటీ వాళ్లు గమనిస్తే, గొడవలు తగ్గాయి, 911 కాల్స్ తగ్గాయి, ఆరోగ్యం కాస్త కుదుటపడింది, తర్వాత ఏం చెయ్యాలా అని ఆలోచించడం మొదలుపెట్టారు. కంటినిండా నిద్రపోతే మనిషి మనిషిలా ఉంటాడు, దీనికి అధ్యయనం కావాల్సి వచ్చింది.

మరి వాళ్లంతా ఇప్పుడు ఎక్కడున్నారు?

రూమ్‌కీ గదుల్లో మొత్తం మీద 62,000 మంది దాకా ఉండి వెళ్లారని రాష్ట్రం చెప్తుంది. కొందరికి సొంత అపార్ట్‌మెంట్లు దొరికాయి. కొందరు మళ్లీ షెల్టర్‌కి, కొందరు చుట్టాల ఇళ్లకి, చాలామంది తిరిగి రోడ్డు మీదకే.

2020 జూలైలో దీని తమ్ముడులాంటి 'హోమ్‌కీ' వచ్చింది. అద్దెకి తీసుకోవడం ఎందుకు, కొనేద్దాం అని. మొదటి విడతలో 60 కోట్ల డాలర్ల పైన పెట్టి 94 చోట్ల దాదాపు 6,000 ఇళ్లు చేశారు. ఆ కేంద్ర డబ్బు డిసెంబరు ఆఖరులోపు ఖర్చు చేసెయ్యాలని షరతు ఉండటంతో, మామూలుగా ఏళ్లు పట్టే పని నెలల్లో అయిపోయింది. ఇది చదివి నాకు ఆనందం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. అంటే చెయ్యగలరన్నమాట, గడువు పెడితే.

రూమ్‌కీ తప్పు గదులివ్వడంలో లేదు, బయటికి వెళ్లే దారి మొదటి రోజునే ఆలోచించకపోవడంలో ఉంది. లోపలికొచ్చిన రోజునే ఆధార్ లాంటి గుర్తింపు కాగితాలు, సోషల్ సెక్యూరిటీ కార్డు, ఇంటి అద్దెకి సాయపడే ఓచర్ దరఖాస్తు మొదలుపెట్టి ఉంటే ఏడాది తర్వాత హోటల్ మూసే రోజున చేతిలో ఏదో ఒకటి ఉండేది. ఫెమా ఆ పనికి డబ్బివ్వదు, కౌంటీ దగ్గర మనుషుల్లేరు. దాంతో చాలాచోట్ల ఏడాది పాటు తిండి పెట్టి, నెల ముందు నోటీసు అతికించారు.

మన హైదరాబాద్, విజయవాడల్లో ఇలాంటిది జరిగిందా?

హోటల్ క్వారంటైన్ అయితే జరిగింది, వేరేవాళ్లకి. 2020 మే తర్వాత వందే భారత్ విమానాల్లో ఇంటికెళ్లినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఏడు రోజులు సొంత డబ్బుతో హోటల్లో, తర్వాత ఏడు రోజులు ఇంట్లో. ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లకి మాత్రం హాళ్లే గతి. లాక్‌డౌన్ మొదలైన మూడు రోజులకి, మార్చి 28న, విపత్తు నిధి డబ్బుని ఇల్లులేనివాళ్ల, వలస కూలీల తిండికీ బసకీ వాడుకోవచ్చని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది. స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు తెరిచారు. హైదరాబాద్‌లో ఐదు రూపాయల అన్నపూర్ణ భోజనం ఉచితంగా పెట్టారు. ఆకలి తీరింది. కానీ దూరం పాటించడానికి గోడలు లేవు.

మామూలు రోజుల్లో కూడా మన నైట్ షెల్టర్ల రూలు, పట్టణాల్లో లక్ష జనాభాకి వందమంది పట్టే ఒకటి, మనిషికి 50 చదరపు అడుగులు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షలు. విడి గదుల మాట ఎక్కడా లేదు.

హోటల్‌ని రాత్రికి రాత్రి ఆసుపత్రిలా మార్చేస్తే ఏమవుతుందో కూడా మనకే తెలుసు. విజయవాడలో కోవిడ్ కేర్ సెంటర్‌గా మార్చిన స్వర్ణ ప్యాలెస్ హోటల్లో 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున మంటలు లేచి పది మంది చనిపోయారు. పొగ కమ్మినప్పుడు మెట్ల దారి ఎటో తెలియని కొత్త చోటు, లేవలేని రోగులు. ఎక్కడైనా సరే, ఈసారి ఇలాంటి పథకం పెట్టేవాళ్లు తిండి, నర్సుల కన్నా ముందు ఫైర్ ఇన్‌స్పెక్టర్‌ని పిలవాలి.

రూమ్‌కీ ఇంకా ఉందా?

లేదు. లాస్ ఏంజెలెస్‌లో చాలావరకు 2022లోనే మూసేశారు. కరోనా ఎమర్జెన్సీతో పాటు 2023 మేలో ఫెమా డబ్బు కూడా ఆగింది.

ఇప్పుడు మా వీధిలో ఎవరైనా జ్వరంతో, దగ్గుతో పడి ఉంటే ఏం చెయ్యాలి?

ఊపిరి ఆడకపోయినా, పిలిస్తే పలకకపోయినా 911. అంత ప్రమాదం లేకపోతే 211కి చెయ్యండి, కాలిఫోర్నియాలో దాదాపు ఎక్కడినుంచైనా ఆ కౌంటీ సహాయ కేంద్రానికే పోతుంది, ఇంగ్లీషు ఇబ్బంది అయితే దుభాషిని అడగొచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలో అయితే 311. లాస్ ఏంజెలెస్‌లో లా-హాప్ (LA-HOP) అనే సహాయ సైట్‌లో వివరాలు రాస్తే అవుట్‌రీచ్ టీమ్ వస్తుంది, అదే రోజు వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. చేసేముందు ఆ మనిషినే ఒకసారి అడగండి, ఫోన్ చెయ్యమంటారా అని. వద్దంటే నీళ్ల బాటిల్, మాస్కు ఇచ్చి, ఏ వీధి, ఏ మూల, ఏ రంగు టెంటు అనేది రాసి పెట్టుకోండి, వాళ్లు ఫోనులో మొదట అడిగేది అదే.